తిట్ల కోసం వేసిన రాయి

వినాయక చవితి సాయంత్రం వాన ఉన్నా లేకపోయినా గొడుగు వేసుకుని తిరిగే మనిషి మల్కాజ్‌గిరి మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు రామ్మోహనరావు. రైల్వేలో టీటీఈగా చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు కాలనీ సంఘానికి అధ్యక్షుడు. గొడుగు ఎందుకండీ అని అడిగినవాళ్లకు మబ్బు పట్టింది కదా అంటాడు గానీ, అసలు సంగతి చంద్రుడు కంటబడకూడదని. చవితి చంద్రుణ్ని చూస్తే చేయని తప్పుకు నింద పడుతుందని ఆయన భయం. రైల్వే చట్టం సెక్షన్లతో సహా నోటికి వచ్చినవాడు ఇలాంటివి నమ్ముతాడా అని మీరు నవ్వితే, ఆయన మీకంటే ముందే నవ్వేస్తాడు. తనను చూసి తనే నవ్వుకోవడం కిందటి చవితి నుంచి ఆయనకు బాగా అలవాటైంది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేరం అంటే ఏమిటో రామ్మోహనరావుకు అనుమానం ఉండేది కాదు. జేబులో ఉన్న చట్టం పుస్తకంలో రాసి ఉంటే నేరం, రాసి లేకపోతే కాదు. టిక్కెట్టు లేకుండా ఎక్కినవాడికి ఒక సెక్షను, ఊరికే చెయిన్ లాగినవాడికి ఒక సెక్షను, తాగి గొడవ చేసినవాడికి ఇంకొకటి. ఇంట్లోనూ అదే భాష. పులుసులో ఉప్పు ఎక్కువైతే భార్య సుబ్బులుకు తాగి గొడవ చేసినవాళ్ల నూట నలభై అయిదో సెక్షను చదివి వినిపించేవాడు. ఆవిడ గరిటె చూపించి తన సెక్షను చదివేది. ఆవిడ సెక్షనుకు అప్పీలు ఉండేది కాదు.

అయితే ఆ పుస్తకం కూడా ఒకచోట నిలిచేది కాదు. ఒకప్పుడు బండిలో సిగరెట్టు కాలిస్తే, పక్కవాడు వద్దంటేనే నేరం. ఆ రోజుల్లో రామ్మోహనరావు తలుపు దగ్గర నిలబడి హాయిగా కాల్చేవాడు. తరువాత ఎవరు వద్దన్నా వద్దనకపోయినా నేరమే అన్నారు. అలా అన్న కొత్తలోనే, ముందటి వారం తనకు అగ్గిపెట్టె ఇచ్చిన ప్రయాణికుడికి ఆయన జరిమానా రసీదు రాసి చేతిలో పెట్టాడు. పోయిన వారం మీరు కాల్చిందేమిటి మరి అని ఆ మనిషి అడిగాడు. అప్పుడది నేరం కాదు అన్నాడు రామ్మోహనరావు. చాలాకాలం ఆ జవాబు చూసుకుని ఆయన మురిసిపోయాడు.

ఇక వాళ్లమ్మ పాలకొల్లు నుంచి వచ్చే రోజుల్లో, ఆవిడ వెంట ఆవకాయ జాడీలు, కొబ్బరికాయల బస్తా, ఒక పనసకాయ వచ్చేవి. లెక్కప్రకారం వాటికి లగేజీ టిక్కెట్టు తీయాలి. ఆ బోగీలో లగేజీ తనిఖీ చేయడం ఆయన ప్రతిసారీ మరిచిపోయేవాడు. మనిషికి మతిమరుపు సహజం కదా.

మల్కాజ్‌గిరిలో ఇల్లు కట్టుకుని వచ్చాక, తన పుస్తకంలో లేని నేరాలు కూడా ఉంటాయని ఆయనకు మొదటిసారి తెలిసింది. వెనక వీధిలో పర్వతాలు అని టెంట్‌హౌస్ నడిపే మనిషి. తాతల కాలం నుంచి ఇక్కడివాడు. పర్వతాలు తల్లి పోయినప్పుడు దినాలకు భోజనానికి రమ్మని ఇంటికొచ్చి పిలిచాడు. రామ్మోహనరావు పుట్టిన చోట అలాంటి భోజనానికి పరాయివాళ్లు వెళ్లరు, వెళితే వింతగా చూస్తారు. మర్యాద అనుకునే వెళ్లలేదు. పర్వతాలు ఆర్నెల్లు ముఖం తిప్పుకుని తిరిగాడు. పిలిచిన చావుకు రాకపోవడం ఇక్కడ ఎంత తప్పో చివరికి ఒక కూరగాయలావిడ విడమరిచి చెబితే, పరుగున వెళ్లి క్షమాపణ అడిగాడు. ఆ తప్పుకు ఏ సెక్షనూ లేదని ఆయనకు అప్పుడే ఆశ్చర్యం వేసింది.

ఈ చంద్రుడి గొడవ కూడా అలా ఊరు దాటి వచ్చిందే. రామ్మోహనరావు పుట్టిన పల్లెలో, చవితి పొద్దున పూజలో కథ విని అక్షింతలు నెత్తిన వేసుకున్నవాడికి చంద్రుణ్ని చూసినా భయం లేదు. ఆ అక్షింతలు లేనివాడు పొరపాటున చూస్తే దానికో విరుగుడు ఉంది. ఇరుగుపొరుగు ఇంటి కప్పు మీద ఒక రాయి వేసి దాక్కోవాలి. ఆ ఇంటివాళ్లు బయటికొచ్చి తిడతారు. రావలసిన పెద్ద నింద ఆ చిన్న తిట్లతో చెల్లిపోతుంది. తిట్టేది మాత్రం మనసారా తిట్టాలి, మొహమాటానికి తిడితే చెల్లదని వాళ్లమ్మ గట్టిగా చెప్పేది. ఆ ఊళ్లో చవితి రోజు పెంకులు పగిలితే ఎవరూ పోలీసుల దగ్గరికి వెళ్లలేదు. పైగా పక్కింటి ముసలావిడ మర్నాడు, ఏమర్రా, ఈ ఏడు మా ఇంటిమీద ఒక్క రాయీ వేయలేదే అని నిష్ఠూరమాడేది.

పట్నంలో ఉద్యోగం వచ్చాక అదంతా చాదస్తం అనుకున్నాడు రామ్మోహనరావు. ఒక చవితి నాడు సికింద్రాబాద్ స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర నిలబడి, తోటివాళ్లతో పందెం వేసి మరీ చంద్రుణ్ని చూశాడు. దసరాలోపల సస్పెండయ్యాడు. లంచం తీసుకుని ఎవరికో బెర్తు ఇచ్చాడని ఫిర్యాదు. ఆయన తీసుకోలేదు, కానీ తీసుకోలేదని చెప్పేవాళ్లు లేరు. రోజూ కలిసి టీ తాగినవాళ్లు ఎదురొస్తే పక్క ప్లాట్‌ఫారం ఎక్కేవారు. అప్పుడు ఎంక్వైరీ గదిలోకి ఒక మనిషి తనంతట తనే వచ్చాడు. ఆ బండికి గార్డుగా వెళ్లిన ఆర్థర్. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. రామ్మోహనరావుతో అప్పటికి ముఖపరిచయం మాత్రమే. ఎవరూ పిలవకపోయినా, పై అధికారికి కోపమొస్తుందని తెలిసినా వచ్చి, బెర్తు లేదని ఈయన ఆ మనిషిని దించేసినప్పుడు పక్కనే ఉన్నాను, ఈయన ఏమీ తీసుకోలేదు అని చెప్పి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. సస్పెన్షన్ ఎత్తేశారు.

ఆ తరువాత ఆర్థర్ కూడా ఇదే వీధిలో చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. చుట్టూ అపార్టుమెంట్లు లేచినా ఆ ఇల్లూ, ముందున్న మందార చెట్లూ అలాగే ఉన్నాయి. రోజూ సాయంత్రం రామ్మోహనరావు వెళ్లి గేటు తట్టేవాడు, ఆర్థర్ భార్య టీ ఇచ్చేది, ఇద్దరూ లేచి నడకకు వెళ్లేవారు. రిటైరయ్యాక కూడా అది తప్పలేదు.

సస్పెన్షన్ దెబ్బతో రామ్మోహనరావుకు చాదస్తం తిరిగొచ్చింది. గొడుగు అప్పటి నుంచే. గొడుగు ఉన్నా రెండు మూడుసార్లు చంద్రుడు కంటబడ్డాడు. అప్పుడు పర్వతాలు వాళ్లది రేకుల ఇల్లు. రామ్మోహనరావు తన డాబా మీద నుంచి ఒక చిన్న రాయి వేసి, పిట్టగోడ చాటున చెవులు రిక్కించుకుని కూర్చునేవాడు. పర్వతాలు భార్య దేవమ్మ బయటికొచ్చి అందుకునేది. ఆవిడ తిట్లలో మొహమాటం అనేది ఏ కోశానా ఉండేది కాదు. రామ్మోహనరావు తృప్తిగా కిందికి దిగి భోజనానికి కూర్చునేవాడు.

కిందటి చవితి పొద్దున పూజ చక్కగానే మొదలైంది. కథ ఆయన ఫోన్లోనే పెట్టారు. సగంలో ఉండగా, ఎవరో గేటుకు అడ్డంగా కారు పెట్టారని కాలనీ గ్రూపులో మెసేజి వచ్చింది. అధ్యక్షుడు ఊరుకుంటాడా. కథ ఆపి జవాబు రాశాడు. అవతలివాడు దానికి జవాబు రాశాడు. కారు తీయించేలోపల సుబ్బులు, కుక్కరులో నీళ్లు అయిపోతున్నాయని వంటింట్లోకి వెళ్లింది. కథ మళ్లీ పెట్టేసరికి మధ్యలో చాలా ముక్క పోయింది. అక్షింతలు వేసుకున్నాడు గానీ, దగ్గరి స్టేషనుకు టిక్కెట్టు కొని చివరి స్టేషను దాకా వెళుతున్నవాడిలా ఆయన మనసు పీకుతూనే ఉంది.

సాయంత్రం వాన వెలిసింది. గొడుగు సుబ్బులు మండపానికి పట్టుకుపోయింది. డాబా మీద నీళ్లు నిలిచాయని కింది వాటాలో వాళ్లు ఫోన్ చేస్తే రామ్మోహనరావు తల వంచుకునే మెట్లెక్కాడు, తల వంచుకునే నీళ్లు పోయే కన్నం వెతికాడు. ఆకాశం వంక కన్నెత్తలేదు. అంత జాగ్రత్తగా తల వంచినందుకే, నిలిచిన నీళ్లలో సన్నటి చంద్రుడు నిక్షేపంలా కనిపించాడు.

నీడ లెక్కలోకి రాదేమో అని ఒక్క క్షణం వాదించుకున్నాడు. కథలో దేవుడు పాలల్లో చూసింది కూడా నీడనే కదా అని గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఇక చేయవలసింది తెలుసు. పర్వతాలు రేకుల ఇల్లు ఎప్పుడో అపార్టుమెంటైంది. మిగిలింది ఈ వీధిలో ఉన్న వాళ్ల టెంట్‌హౌస్ గోడౌను ఒక్కటే, దానికి ఇంకా రేకులే. పర్వతాలు, దేవమ్మ ఆ పక్కన మండపం దగ్గరే ఉంటారు. సుబ్బులు మోండా మార్కెట్ నుంచి ముచ్చటపడి తెచ్చుకుని పూలకుండీల్లో పరిచిన తెల్లటి గులకరాళ్లలోంచి రెండు ఏరుకున్నాడు. ఒకటి గురి తప్పితే ఇంకొకటి ఉండాలని.

చిన్నప్పుడు మామిడికాయలు కొట్టిన చెయ్యి అరవై ఆరేళ్లు వచ్చినా అలాగే ఉంటుందనుకోవడం ఆయన పొరపాటు. రాయి గోడౌను మీద పడలేదు. దాని పక్కనున్న గణపతి మండపం రేకు అంచుకు తగిలి, లోపలికి పడి, ట్యూబులైటును పగలగొట్టింది. గాజుపెంకులు ప్రసాదం పులిహోర గంగాళంలో పడ్డాయి. హారతి పాట ఠక్కున ఆగింది.

రామ్మోహనరావు పిట్టగోడ చాటున కూర్చుని తిట్ల కోసం ఎదురుచూశాడు. తిట్లకు ముందు ఫోన్ మోగింది. కాలనీ గ్రూపు. మండపం మీద రాయి పడింది అని ఒకరు పెట్టారు. ఆ కింద ఇంకొకరు రాళ్లు అన్నారు. మూడోవాడు రాళ్ల దాడి అన్నాడు. నాలుగోవాడు ప్రెసిడెంటుగారు వెంటనే స్పందించాలి అన్నాడు. ఆయన, వస్తున్నాను అని రాశాడు. ఇప్పటికీ ఆయన తనను చూసి తను నవ్వుకునేది ఈ మాట దగ్గరే.

కిందికి వెళ్లేసరికి పోలీసు జీపు కూడా వచ్చేసింది. పండగ బందోబస్తుకు వీధి చివరే ఉన్నారు. ఎస్సై పేరు సైలస్, చిన్నవాడు, మంచి మర్యాదస్తుడు. ప్రెసిడెంటుగారని తెలియగానే కుర్చీ తెప్పించి కూర్చోబెట్టాడు. దేవమ్మ తిడుతూనే ఉంది, రామ్మోహనరావు కోరుకున్నదానికంటే ఎక్కువగా, ఏ మొహమాటమూ లేకుండా. కానీ ఆ తిట్లు ఆర్థర్ ఇంటి గేటు వైపు వెళుతున్నాయి.

కారణం ఉంది. మండపాన్ని ఆనుకునే ఆర్థర్ ఇల్లు. ముందురోజు మైకు పరీక్షించేటప్పుడు కిటికీ అద్దాలు అదిరితే ఆర్థర్ బయటికొచ్చి, ఈ మైకు డబ్బాను ఒకరోజు రాయి పెట్టి కొడతాను అన్నాడు. ఏటా అంటాడు, ఏటా నవ్వుతారు. ఏటా పొద్దున్నే తన చెట్ల మందారాలు బుట్టనిండా కోసి మండపానికి పంపిస్తాడు కూడా. ఆ పూలు అప్పుడు కూడా గణపతి కాళ్ల దగ్గరే ఉన్నాయి. కానీ ఇప్పుడు అందరికీ డబ్బా మాట ఒక్కటే గుర్తుంది.

ఆర్థర్ గేటు దగ్గర లుంగీ, బనీనుతో నిలబడి ఉన్నాడు. నేను వేయలేదు అని ఒకసారి చెప్పాడు. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పలేదు.

సైలస్ పక్కకు వంగి రామ్మోహనరావుకు సంగతి వివరించాడు. మామూలు రోజుల్లో రాయి అంటే రాయే, పండగ రోజు మండపం మీద పడితే అది వేరే కేసు, పైనుంచి అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి అన్నాడు. ఏ సెక్షను పడుతుంది అని రామ్మోహనరావు అలవాటు కొద్దీ అడిగాడు. కొత్త చట్టం వచ్చాక నంబర్లన్నీ మారాయి సార్, పాత ఫోర్ ట్వంటీ నంబరు కూడా లేదు, నేను కూడా చూసుకునే చెప్పాలి, అయితే బెయిలు అంత తేలిక కాదు అన్నాడు సైలస్. జీవితమంతా జనాన్ని ఫోర్ ట్వంటీగాళ్లు అని తిట్టిన రామ్మోహనరావుకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. రిటైరైన టీటీఈ, కాలనీ అధ్యక్షుడు, బెయిలు. ఈ మూడు మాటలూ ఆయన తలలో పక్కపక్కన నిలబడ్డాయి.

ఆర్థర్ అలాంటివాడు కాదండీ అన్నాడు. నిజమే చెప్పాడు. సగం నిజం. మిగతా సగం చెప్పలేదు. అంతలో ఎవరో టీ తెచ్చారు. ఆయన అందుకున్నాడు. పైనుంచి వచ్చే ఫోన్లకు సైలస్ జవాబు చెబుతున్నంతసేపూ, అటు పర్వతాలు ఆర్థర్‌ను నిలబెట్టి అడుగుతున్నంతసేపూ, రామ్మోహనరావు టీ చప్పరిస్తూ కూర్చున్నాడు. కాసేపట్లో గొడవ దానంతటదే చల్లారుతుందని, అప్పుడు ఆర్థర్‌కు చాటుగా చెప్పి ఇద్దరం నవ్వుకోవచ్చని అనుకున్నాడు. రైలు దానంతటదే ఆగుతుందిలే అని చెయిన్ లాగకుండా కూర్చున్నవాణ్ని ఆయన ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఆ రోజు తను కూర్చుంది అలాగే.

గొడవ చల్లారలేదు. చివరికి సైలస్ ఆర్థర్ దగ్గరికి వెళ్లి, అంకుల్, స్టేషనుకు రండి, స్టేట్‌మెంట్ రాసుకుని పంపిస్తాం, అన్నాడు. ఆర్థర్ సరేనని లోపలికి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, బెల్టు పెట్టుకుని, నల్ల బూట్లు వేసుకుని ఉన్నాడు. బూట్లు మెరుస్తున్నాయి. డ్యూటీకి వెళ్లేటప్పుడు అలాగే వెళ్లేవాడు. ఎంక్వైరీ గదిలోకీ అలాగే వచ్చాడు. వెనక ఆయన భార్య గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

రామ్మోహనరావు కప్పు కింద పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

"ఆయన కాదు. ఆ రాయి వేసింది నేను."

ఎవరూ నమ్మలేదు. అందుకు ఆయన సిద్ధంగా లేడు. సైలస్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, సార్, మీ ఫ్రెండ్‌షిప్ నాకు అర్థమైంది, పెద్దమనిషి మీరు, ఇలా మీద వేసుకోవద్దు అన్నాడు. పర్వతాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏంది సారూ, గింత మంచోళ్లైతే ఎట్ల? ఆయన కోసం మీరు జైలుకు పోతరా?" అన్నాడు. గుంపులో ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. జీవితంలో చేయని తప్పుకు నిందపడి సస్పెండైన రామ్మోహనరావు, చేసిన తప్పుకు నింద పడమంటే పడక, చప్పట్లు పడుతుంటే దిక్కుతోచక నిలబడ్డాడు.

చంద్రుడి సంగతి మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. నీళ్లలో నీడ, గోడౌను, తిట్లు, వాళ్లమ్మ. సైలస్ నోరు తెరుచుకుని విన్నాడు. తను చర్చికి వెళ్లే కుటుంబంలోంచి వచ్చినవాడు. మీలో ఇలాంటిది ఉందా అని పర్వతాలును అడిగాడు. మా దిక్కు నేనైతే ఇనలే సార్, అన్నాడు పర్వతాలు. కానీ దేవమ్మ ముఖం మారింది. ఆవిడకు పాత రేకుల ఇల్లు గుర్తొచ్చింది.

"అంటే సారూ, అప్పట్ల చవితి పండగకి మా రేకుల మీద రాయి వడ్డది సుత మీరేసిందేనా? నేను ఆ ఎనకింటోళ్లనుకున్న. వాళ్లనే తిట్టిన. గదే లొల్లితోని వాళ్లతోటి మాట బంద్ చేసుకుంటిమి. వాళ్ల బిడ్డ లగ్గానికి సుత పోలే."

రామ్మోహనరావు తల వంచుకున్నాడు. ఆ తిట్లు తనకు పడ్డాయని అన్నేళ్లూ తృప్తిగా భోంచేశాడు. అవి ఏ ఇంటి గుమ్మంలో పడ్డాయో ఒక్కసారైనా చూడలేదు. తన మీద పడాల్సిన నిందను ఆయన ప్రతిసారీ పక్కవాళ్ల నెత్తిన దించి వచ్చాడన్నమాట.

అప్పటికీ సైలస్‌కు అనుమానం తీరలేదు. రామ్మోహనరావు జేబులోంచి రెండో రాయి తీసి చూపించాడు. మండపంలో దొరికిన రాయి పక్కన పెడితే రెండూ ఒకే జాతి, తెల్లగా, నున్నగా ఉన్నాయి. ఇంతలో జనాన్ని తోసుకుని సుబ్బులు వచ్చింది, చేతిలో గొడుగుతో. రాళ్ల వంక చూసి, ఏవండీ, ఇవి నా కుండీలో రాళ్లు కదూ అంది. అన్నాక గానీ ఏం అన్నదో ఆవిడకు తెలియలేదు. సాక్ష్యం పూర్తయింది.

తరువాత గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వీధంతా పాకింది. సైలస్ నవ్వలేదు. ఫోన్ తీసి పైవాళ్లకు, ఏమీ లేదు సార్, ఒక పెద్దాయన పొరపాటు అని చెప్పాడు. ఆపైన అదే మర్యాదతో, చదువుకున్నవాళ్లు, మీరే ఇలా చేస్తే మేం ఎవరికి చెప్పాలి సార్ అని ఒక్కమాట అన్నాడు. పండగ పూట కేసు ఎందుకు, ట్యూబులైటు పెట్టించి పులిహోర మళ్లీ వండిస్తే చాలు అన్నాడు పర్వతాలు. ఇక దేవమ్మ అందుకుంది. పాత రేకులు, పోయిన లగ్గం, పారబోసిన పులిహోర, అన్నీ కలిపి తిట్టింది. ఈసారి ఆ తిట్లు ఎవరికి చెందాలో వాళ్లకే చెందాయి. రామ్మోహనరావు ఒక్కటీ వదలకుండా విన్నాడు. గుండె కాస్త తేలికపడింది. వాళ్లమ్మ చెప్పింది నిజమే అనిపించింది.

జనం చెదిరాక వెనక్కి తిరిగి చూశాడు. ఆర్థర్ తన మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకుంటున్నాడు. రామ్మోహనరావు గేటు తోసుకుని వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. నవ్వే ప్రయత్నం చేశాడు. తిట్టు ఆర్థర్, నువ్వు కూడా రెండు తిట్టెయ్, పూర్తవుతుంది అన్నాడు.

ఆర్థర్ తల ఎత్తలేదు. ఒక బూటు తీసి పక్కన పెట్టాడు.

"రాయికి ఏముంది రావ్. రాయి ఎవరైనా వేస్తారు. నన్ను వాళ్లు అడుగుతున్నప్పుడు నువ్వు అక్కడ కూర్చుని టీ తాగుతున్నావు. నేను నిన్నే చూస్తున్నాను."

రెండో బూటు కూడా తీసి, రెండూ చేత పట్టుకుని లోపలికి వెళ్లాడు. తలుపు గట్టిగా వేయలేదు. మామూలుగానే దగ్గరికి వేశాడు.

ఆ రాత్రి రామ్మోహనరావు తనకు తెలిసిన సెక్షన్లన్నీ వెతుక్కున్నాడు. మండపం మీద రాయికి కొత్త చట్టంలో ఏదో నంబరు ఉంది, సైలస్ చూసుకుని చెబుతాడు. పగిలిన ట్యూబులైటుకు నంబరు ఉంది. సగం నిజం చెప్పి టీ తాగిన మనిషికి పాత పుస్తకంలోనూ కొత్త పుస్తకంలోనూ ఎక్కడా నంబరు లేదు. ఆ నేరం పర్వతాలు తల్లి దినాల భోజనం లాంటిది, పుస్తకంలో లేదు గనుక చేయలేదని తప్పించుకోవడానికి వీల్లేదు. దాన్ని ఆర్థర్ ఒక్కడే చూశాడు, ఆర్థర్ ఒక్కడే తీర్పు చెప్పాడు. దానికీ అప్పీలు లేదు.

మర్నాడు సాయంత్రం భయపడుతూనే వెళ్లి గేటు తట్టాడు. ఆర్థర్ తీశాడు. నడకకు వచ్చాడు. బండ్ల గురించి, వాన గురించి, మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అలాగే మాట్లాడుతున్నాడు, మర్యాదగా, అన్నీ. ఆ సాయంత్రం మాట మాత్రం ఎత్తడు. ఒక్కసారి తిడితే బాగుండునని రామ్మోహనరావు రకరకాలుగా రెచ్చగొట్టి చూశాడు. ఫోర్ ట్వంటీగాణ్ని అన్నాడు, పిరికివాణ్ని అన్నాడు, తనను తను ఎన్ని అనాలో అన్నీ అన్నాడు. ఆర్థర్, అలా ఏం లేదులే రావ్ అంటాడు. అంటూ గేటు తాళం చూసుకుంటాడు. నడకకు ముందు టీ మాత్రం ఆ ఇంట్లో ఇప్పుడు రావడం లేదు. రామ్మోహనరావు అడగలేదు, అడిగే ముఖం లేదు.

ఈ కథ ఆయన పెళ్లిళ్లలో, కాలనీ మీటింగుల్లో అందరికీ చెప్పి నవ్విస్తాడు. గొడుగు, నీళ్లలో చంద్రుడు, వస్తున్నాను అన్న మెసేజి, సుబ్బులు కుండీలో రాళ్లు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. దేవమ్మ వెనకింటివాళ్ల దగ్గరికి వెళ్లి మాట కలుపుకుందని చెప్పి కథ ముగిస్తాడు, అదీ నిజమే. బూట్ల సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.

తిట్లు పడితే నింద పోతుందని వాళ్లమ్మ చెప్పింది. తిట్టనివాడి దగ్గర ఏం చేయాలో చెప్పలేదు. అందుకని ఆయన ఇవాళ సాయంత్రం కూడా వెళ్లి ఆర్థర్ గేటు తట్టాడు.